మెరుపు వాళ్ళకి, పూత మాకు

నేనేం ఉద్యోగం చేస్తున్నానని ఎవరైనా అడిగితే మా అమ్మ చివరిదాకా ఒకటే జవాబు చెప్పింది: “మా కృప రంగులు చేస్తది.” పోర్టులో క్రేన్ ఆపరేటర్‌గా చేసిన మా నాన్న ఇంకో మెట్టు పైకెక్కి, నేను పెయింట్ల కంపెనీలో మేనేజర్నని చర్చిలో అందరికీ చెప్పేశాడు. కాదు నాన్నా అంటే “ఏదైతేనేం, రంగులే కదా” అనేవాడు. చర్చి గోడలకి డిస్టెంపర్ డిస్కౌంట్‌లో దొరుకుతుందా అని పాస్టరు గారు ఒకసారి నన్ను పక్కకి పిలిచి అడిగారు కూడా.

నేను చేసినవి సెమీకండక్టర్ నానోకణాలు. కంటికి కనబడవు, మామూలు మైక్రోస్కోపుకీ చిక్కవు. కానీ సీసాలో పోసి అతినీలలోహిత దీపం కింద పెడితే నిప్పులా మెరుస్తాయి. కణం చిన్నదైతే పచ్చగా, కొంచెం పెద్దదైతే ఎర్రగా. పదార్థం ఒకటే, సైజు మారితే రంగు మారుతుంది. దాని మీద పూతలు వేసి, ఆ పైన ఒక యాంటీబాడీని అతికిస్తే, అది జబ్బుపడ్డ జీవకణాన్ని వెతుక్కుంటూ పోయి దానికి అంటుకుంటుంది. మెరుపు ఎక్కడుంటే జబ్బు అక్కడుందన్నమాట. వైజాగ్‌లో, రుషికొండ వైపు ఒక ప్రైవేటు పరిశోధన సంస్థలో, రిటైరయ్యేదాకా నేను చేసిన పని ఇదే.

ఇప్పుడీ రంగంలోకి వస్తున్న పిల్లలు ఫోన్ చేసి సలహాలు అడుగుతున్నారు. ప్రమోషన్ల గురించి చెప్పను, చెప్పుకోదగ్గవి రాలేదు. పరిశోధన పత్రాల గురించీ చెప్పను, అవి ఇంటర్నెట్‌లో పడి ఉన్నాయి, రాసిన నేనే మళ్ళీ చదవలేదు. యారాడ నుంచి వచ్చి చేపలమ్మే నూకరత్నం మా సీసా మెరుపుని నమ్ముకుని క్యాన్సర్ ఆపరేషన్ వద్దని కూర్చున్న సంగతి చెబుతాను. ఆ మనిషి ప్రాణం మీదికి వచ్చాకే నేనెలాంటి చోట ఉద్యోగం చేస్తున్నానో నాకు అర్థమైంది.

పాకం పట్టడం

ముందు పని గురించి. తొంభైల్లో మేం మొదలుపెట్టినప్పుడు ఈ కణాల కోసం వాడిన ద్రవం గాలి తగిలితే చాలు భగ్గుమనేది. తర్వాత క్యాడ్మియం ఆక్సైడ్ పొడితో చేసే పద్ధతి వచ్చింది, మా కనుబొమ్మలు బతికిపోయాయి. నూనెలాంటి ద్రవాన్ని ఫ్లాస్కులో మూడొందల డిగ్రీల దాకా కాచి, సెలీనియం కలిపిన మందుని సిరంజితో ఒక్క పోటులో లోపలికి దింపాలి. అక్కడినుంచి రంగు తిరుగుతుంది. లేత పసుపు, ముదురు పసుపు, నారింజ, ఎరుపు. అరిసెల పాకం పట్టడం వచ్చిన వాళ్ళకి ఈ పని తొందరగా పట్టుబడుతుంది. ఎక్కడ దించాలో చేతికి తెలియాలి. పుస్తకం చూసి దించుదామంటే ముదిరిపోతుంది.

సెలీనియం కుళ్ళిన ముల్లంగి కంపు కొడుతుంది. స్నానం చేసినా పోదు. సిటీ బస్సులో ఎంత రద్దీగా ఉన్నా నా పక్క సీటు ఖాళీగా ఉండేది. శాస్త్రవేత్తలకి సమాజంలో గౌరవం లేదంటారు గానీ, నాకు మాత్రం జనం దారి ఇచ్చేవారు.

ఫ్లాస్కులోకి గాలి పోకూడదు, తేమ పోకూడదు. వైజాగ్‌లో ఆరేసిన బట్టలే ఆరవు, ఇక ఫ్లాస్కు గురించి చెప్పేదేముంది? అందుకని ఆర్గాన్ గ్యాసు నింపి చేసేవాళ్ళం. ఒకసారి వరసగా ఎన్ని బ్యాచ్‌లు చేసినా ఒక్కటీ మెరవలేదు. రసాయనాలు మార్చాం, ఫ్లాస్కులు మార్చాం, కొత్తగా చేరిన అమ్మాయిని అనుమానించాం. చివరికి చూస్తే గాజువాక డీలరు వెల్డింగుకి వాడే, కార్బన్ డయాక్సైడ్ కలిపిన ఆర్గాన్ పంపిస్తున్నాడు. ఫోన్ చేసి కడిగేశాను.

“ఏటి మేడమ్, అంత కోపం? స్టీల్ ప్లాంటు కాంట్రాక్టర్లందరూ ఇదే అట్టుకెళ్తన్నారు. ఇనుమే అతుక్కుంటంది, మీ పొడి అతుక్కోదా?” అన్నాడు.

ఇనుముతో పోటీ పడలేక ఫోన్ పెట్టేశాను. సిలిండర్ మాత్రం మార్పించాను.

ఇదంతా మెరుపు కోసం. కానీ పిల్లలూ, అసలు పని మెరుపు కాదు, పూత. కణం నడిబొడ్డున ఉన్నది క్యాడ్మియం సెలినైడ్. క్యాడ్మియం విషం. ఒంట్లోకి పోతే మూత్రపిండాల్లో తిష్ట వేస్తుంది, ఏళ్ళ తరబడి కదలదు. దాని మీద జింక్ సల్ఫైడ్ పూత ఒకటి. అప్పటికది థిన్నర్ లాంటి ద్రావకంలో తప్ప కరగదు. నీళ్ళలో కలవాలంటే ఇంకో పూత వెయ్యాలి, ఆ పైన యాంటీబాడీ. నీళ్ళలోకి మార్చిన ప్రతిసారీ మెరుపు తగ్గేది. అది తగ్గకుండా చూడటానికే నా ఉద్యోగంలో సగం పోయింది. ఆ పూత పనిని చూడటానికి ఎవరూ రాలేదు, చూడటానికక్కడ ఏమీ ఉండదు కూడా.

చీకటి గది

మా డైరెక్టర్ గారు కృష్ణా జిల్లా మనిషి. తెల్ల చొక్కా, చెరగని నవ్వు, ఎదుటివాళ్ళ భుజం మీద చెయ్యి వేసి మాట్లాడే అలవాటు. ల్యాబ్ వెనక స్టోర్‌రూమ్‌కి నల్ల కర్టెన్లు కట్టించి, దీపం పెట్టించి, దానికి ‘డెమో గది’ అని పేరు పెట్టారు. వచ్చిన ప్రతి అతిథినీ చెప్పులు విప్పించి మరీ లోపలికి తీసుకెళ్ళేవారు. చెప్పులెందుకు సార్ అంటే “వాతావరణం ఉండాలి కదండీ” అనేవారు. లోపల లైట్లు ఆర్పి, ఒక్క క్షణం ఆగి, దీపం వేసేవారు. వరసగా సీసాలు పచ్చగా, పసుపుగా, ఎర్రగా వెలిగేవి. వచ్చినవాళ్ళు “అబ్బా!” అనేవారు. ఆ ‘అబ్బా’ మీదే మా సంస్థ నడిచింది.

సంగతేమిటంటే, ఆ సీసాల్లో ఉన్నది మేం ఆస్పత్రి పనికి వాడే సరుకు కాదు. నీళ్ళలోకి మార్చని, థిన్నర్‌లో ఉన్న సరుకు. అది బాగా మెరుస్తుంది. నీళ్ళ సరుకు కాస్త నీరసంగా మెరుస్తుంది. “అతిథికి చద్దన్నం పెడతామా?” అని డైరెక్టర్ గారు షో సీసాలు విడిగా చేయించారు. ల్యాబ్‌లో మేం కూడా వాటిని ‘షో సీసాలు’, ‘పని సీసాలు’ అనే పిలిచేవాళ్ళం. ఎవరికీ తప్పుగా తోచలేదు. ఇంటికి చుట్టాలొస్తే మంచి గ్లాసులు తీస్తాం కదా, అలాగే అనుకున్నాం.

ఒకసారి ఒక నాయకుడు గారు వచ్చారు. చీకటి, దీపం, చెప్పుల్లేని కాళ్ళు, తెల్లబట్టల్లో డైరెక్టర్ గారు ఎర్రగా వెలుగుతున్న సీసా మూత తీసి ముందుకు చాపారు. పాపం ఆ పెద్దమనిషి భక్తిగా కండువా నడుముకి చుట్టి, కుడి చెయ్యి పుడిసిలి పట్టి, తీర్థానికి వంగారు. నేను అడ్డం పడి సీసా లాక్కోకపోతే ఆ రోజు ఉప ఎన్నిక ఖాయం.

బయటికొచ్చాక డైరెక్టర్ గారు నన్ను కోప్పడ్డారు. “అలా లాక్కుంటే ఏమనుకుంటారండీ? మెల్లగా చెప్పొచ్చు కదా!” అన్నారు. మెల్లగా చెప్పేలోపు ఆయన కళ్ళకి అద్దుకుని తాగేసేవారని నేనంటే, “అంత నమ్మకం కలిగిందంటే మన డెమో బాగున్నట్టే” అని నవ్వారు. నేనూ నవ్వాను.

పేపర్లో పడింది

అలాంటి డెమో ఒకటి చూసి ఒక విలేకరి పేపర్లో రాశాడు. ‘కత్తి అక్కర్లేదు, కాంతి చాలు’ అని శీర్షిక. కింద డైరెక్టర్ గారు సీసా పట్టుకున్న ఫొటో. క్యాన్సర్ ఎక్కడుందో వెలుగు పెట్టి చూపించే మందు విశాఖలో తయారైందని, త్వరలో రోగులకి ఎక్కిస్తారని రాశాడు. మేం అప్పటికి చేస్తున్నది ఆస్పత్రి నుంచి వచ్చిన కణజాలం ముక్కల్ని గాజు పలక మీద పెట్టి, వాటికి మా కణాలు అంటించి చూడటం. బతికున్న మనిషి ఒంట్లోకి ఒక్క చుక్క ఎక్కించే ఆలోచన గానీ అనుమతి గానీ మాకు లేదు.

కొన్నాళ్ళకి ల్యాబ్ గేటు దగ్గర ఒక మొగుడూ పెళ్ళాం కూర్చున్నారు. ఆమె నూకరత్నం. యారాడ నుంచి చేపల గంపతో వచ్చి ఊళ్ళో అమ్మే మనిషి, గట్టి గొంతు. ఆయన సింహాద్రి, వేటకి పోతాడు, మాట తక్కువ. పేపర్ కటింగ్‌ని లామినేషన్ చేయించి జేబులో పెట్టుకొచ్చాడు. సముద్రం మీద తిరిగే మనిషి కదా, తడవకూడదని. మా ఊళ్ళో పూత విలువ తెలిసినవాడు ఒక్కడైనా ఉన్నాడని నాకు ముచ్చటేసింది.

ఆ ముచ్చట ఎంతోసేపు లేదు. నూకరత్నానికి ఎడమ రొమ్ములో గడ్డ. ఆస్పత్రిలో పరీక్ష చేసి క్యాన్సర్ అన్నారు. మాకు ముక్కలు పంపే సర్జన్ గారే ఆపరేషన్‌కి రమ్మన్నారు. ఈమె వెళ్ళలేదు.

“కత్తి ఎయ్యనివ్వను. మా తోటికోడలు అలాగే బల్లెక్కి మరి దిగనేదు. మీ కాడ ఎలుగు మందు ఉన్నాదంట కదా డాట్రమ్మా, అది ఎక్కించండి. ఎన్నాళ్ళైనా ఆగుతాను,” అంది.

“నేను ఆ డాక్టర్ని కాదమ్మా. చదువుకి ఇచ్చిన బిరుదు అది. నాకు నాడి చూడటం కూడా రాదు.”

“రాకపోతే ఏటి? మందు మీదే కదా?”

వెంటనే సర్జన్ గారికి ఫోన్ చేశాను. ఆయన మామూలుగా నిదానం మనిషి. ఆ రోజు మాత్రం “కృపగారూ, ఇప్పుడు వస్తే నయమవుతుంది. మీ పేపర్ పుణ్యమా అని ఆగిందంటే నా చేతుల్లో ఉండదు. మీరే పంపాలి,” అని పెట్టేశారు.

“కాదనకండి, అవుననకండి”

డైరెక్టర్ గారి గదికి వెళ్ళి సంగతి చెప్పాను. ఆయన కళ్ళు మెరిశాయి. ఆ నెలలోనే కొత్త భవనానికి ప్రారంభోత్సవం ఉంది, మంత్రిగారు వస్తున్నారు.

“స్టేజీ మీద ఒక పేషెంట్ ఉంటే ఎంత నిండుగా ఉంటుందండీ! మత్స్యకార మహిళ, కష్టజీవి. ఆ రోజుదాకా ఉండమనండి.”

“మన దగ్గర మందు లేదు సార్.”

“లేదని ఎందుకు చెప్పాలి? కాదనకండి, అవుననకండి. ఆశ ఉంటే మనిషి బతుకుతాడు.”

“ఈవిడ ఆశతోనే చచ్చిపోయేలా ఉంది సార్.”

ఆయన చెడ్డవాడని నేననను. తన భార్యకి అదే జబ్బొస్తే పరుగున సర్జన్ దగ్గరికి తీసుకెళ్ళే మనిషే. కానీ ఆ నల్ల కర్టెన్ల గదిలో రోజూ ‘అబ్బా’లు విని విని, ఆ మెరుపు మందేనని ఆయనే నమ్మేశారు. వేరేవాళ్ళని నమ్మించడానికి పెట్టిన దుకాణంలో మొదటి గిరాకీ ఆయనే. ఇలాంటి బాస్ మీకూ దొరుకుతాడు. అబద్ధాలాడే బాస్‌ని తట్టుకోవచ్చు. తన అబద్ధం తనే నమ్మిన బాస్ దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండండి.

“మీరు ఆవిడతో ఏమీ మాట్లాడకండి. పీఆర్ వాళ్ళు చూసుకుంటారు,” అన్నారు చివరికి. “మాట్లాడితే డెమో గది బాధ్యత మీ నుంచి తీసేయాల్సొస్తుంది.”

నా సర్వీసులో నాకొచ్చిన బెదిరింపుల్లో అంత కమ్మటిది ఇంకోటి లేదు.

రెండు సీసాలు

నూకరత్నాన్ని తిన్నగా డెమో గదిలోకే తీసుకెళ్ళాను. సింహాద్రి తలుపు దగ్గర నిలబడ్డాడు. దీపం కింద రెండు సీసాలు పెట్టాను, ఒకటి షో సీసా, ఒకటి పని సీసా.

“ఓలమ్మో!” అంది. అందరిలాగే.

“ఇందులో నీకు ఏది కావాలి?”

“ఈ ఎర్రగా మండతన్నాదే, అది. రెండోది నీరసంగున్నాది.”

“నువ్వడిగింది గోడలకి రంగేసేవాళ్ళు వాడే థిన్నర్ లాంటి దాంట్లో ఉంది. ఒంట్లోకి పోతే దానికదే చంపుతుంది. పేపరాయన చూసింది దాన్నే.”

“అయితే నీరసంది ఎక్కించండి.”

రెండింటి లోపలా ఉన్నది విషమేనని, పూత ఉన్నంతసేపే దాని దగ్గరికి పోగలమని చెప్పాను. సింహాచలం అప్పన్నకి ఏడాది పొడుగునా చందనం పూతే ఎందుకు ఉంచుతారో తెలుసు కదా, ఆ ఉగ్రరూపాన్ని చల్లబరచడానికి, ఇదీ అలాగే అన్నాను. చాలా బాగా చెప్పానని నాలో నేనే మెచ్చుకున్నాను.

“మీరు చర్చివోళ్ళు కదేటి? మా అప్పన్న సంగతి మీకెందుకు?” అంది. “అయినా గందం వొలిసిన రోజున లచ్చలమంది ఎల్లి సూసొత్తన్నారు. ఎవులికేటయింది?”

నా ఉపమానం అక్కడితో చచ్చింది. కొత్తగా ప్రయత్నించాను. గాజు పలక మీదైతే పూత నిలుస్తుంది, మనిషి రక్తంలో, కాలేయంలో ఎన్నాళ్ళు నిలుస్తుందో ఇంకా తెలీదన్నాను.

“మీకు తెల్దా?”

“తెలీదు.”

“మీ సారుకి తెలుసా?”

“ఆయనకీ తెలీదు.”

“మరి పేపరోడికి ఎలాగ తెలిసింది?”

చీకట్లో ఆమె ముఖం ఎర్రగా కనబడుతోంది, షో సీసా వెలుగుకి. గట్టి గొంతు మెత్తబడింది.

“మేడమ్మా, నాకు బయ్యం. నిజం సెప్పండి. మీ సొంత అక్కకైతే ఏటి సేత్తారు?”

“రెక్క పట్టుకుని ఇప్పుడే ఆపరేషన్‌కి ఈడ్చుకుపోతాను. ఏడ్చినా వదలను.”

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని లేచింది. “ఆ ముక్క గేటు కాడే సెప్పొచ్చు కదా! ఈ సీకటి గదిలో ఈ సీసాలు, అప్పన్న, ఇదంతా ఎందుకు? ఒరే సింహాద్రీ, ఆటో పిలూ!”

పెళ్ళాం మొగుణ్ణి ‘ఒరే’ అనడం నేను అదే మొదటిసారి వినడం. ఆయన పరిగెత్తాడు. ఆటోలో వాళ్ళతో నేనూ వెళ్ళాను. సెలీనియం కంపుకి దారంతా చేపలామె ముక్కు మూసుకుని కూర్చుంది.

ముక్క

రొమ్ము తీసేశారు, ఆపరేషన్ బాగా జరిగింది. ప్రారంభోత్సవం నాడు ఆమె ఆస్పత్రి మంచం మీద ఉంది. స్టేజీ మీద పేషెంట్ కోసం వేసిన కుర్చీలో డైరెక్టర్ గారి బావమరిదిని కూర్చోబెట్టారు. ఆయనకున్న జబ్బల్లా గ్యాసు. చప్పట్లు మాత్రం ఘనంగా పడ్డాయి. డెమో గది బాధ్యత నా నుంచి తీసేశారు. ఆ రోజునుంచి నా పూత పని నేను చేసుకున్నాను, నా జీవితంలో అంత మంచి పూతలు ఎప్పుడూ వెయ్యలేదు.

నూకరత్నం ఒప్పుకున్నాక ఆ గడ్డలో చిన్న ముక్కని సర్జన్ గారు మాకు పంపారు. పని సీసాలోంచి చుక్క వేసి చూశాను. ఆస్పత్రిలో మామూలు రంగుతో చేసిన పరీక్ష ఏం చెప్పిందో మా కణాలూ అదే చెప్పాయి. అన్నేళ్ళ పాకాలు, ఆర్గాన్లు, కనుబొమ్మలు అన్నీ కలిపి, ఇంకొకరు ముందే చెప్పిన మాటకి అవునన్నాం. నవ్వుకోండి. కానీ వైద్యంలో మొదటి మెట్టు అదే. తెలిసిన జవాబుని తప్పు లేకుండా చెప్పడం వచ్చాకే తెలియని జవాబు జోలికి పోవాలి.

పిల్లలూ, ఇంత చెప్పాక సలహా అడిగితే ఒక్కటే. చూపించే సీసా, పని చేసే సీసా ఒకటే అయ్యేదాకా ఎవర్నీ చీకటి గదిలోకి రానివ్వకండి. మంత్రి వచ్చినా సరే, మీ నాన్న వచ్చినా సరే. తెలీదని చెప్పడం రాని చోట ఎంత జీతమిచ్చినా ఉండకండి. నేనున్నాను, అందుకే చెబుతున్నాను.

మందులవీ అయ్యి, తలవెంట్రుకలు మళ్ళీ మొలిచాక నూకరత్నం ల్యాబ్‌కి వచ్చింది. అరిటాకులో చుట్టిన వంజరం చేప తెచ్చింది. “నా ముక్క మీ కాడున్నాదంట. సూపించండి,” అంది.

మైక్రోస్కోపు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టి, పలక పెట్టి, దీపం వేశాను. ఆమె ఒక కన్ను మూసి వంగింది. లోపల ఏం కనిపిస్తుందో నాకు తెలుసు. జబ్బు కణాల చుట్టూ సన్నటి ఎర్రటి అంచులు, ఒకదాని పక్కన ఒకటి. నా చేతి పనిలో ఎప్పుడూ లేనంత అందమైన పలక అది. ఆ అందానికి నాకే సిగ్గేసేది.

చాలాసేపు కన్ను తియ్యలేదు. ‘అబ్బా’ అంటుందేమోనని నాకు భయం వేసింది.

తల ఎత్తి, చీర కొంగు ఎడమ వైపు సర్దుకుంది. “అందంగానే ఉన్నాది మేడమ్మా,” అంది. “మీ కాడే ఉంచీసుకోండి.”